మీ సంచిలో ఎన్ని రాళ్లున్నాయి?

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 25:13-16

కొందరు వంటింట్లో పని చేసుకుంటూ, కొందరు కొట్టు తలుపులు తీస్తూ, మరికొందరు పొలానికో ఆఫీసుకో బయలుదేరుతూ ఈ మాటలు వింటూ ఉండవచ్చు. మంచిదే. ఎందుకంటే ఈ దినము మనము ధ్యానించబోయే వాక్యము మీ వంటింటి గురించి, మీ కొట్టు గురించి, మీ ఆఫీసు గురించే మాట్లాడుతుంది.

బైబిలు దగ్గర ఉన్నవారు ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము, 13 నుండి 16 వచనములు తెరవండి. లేనివారు శ్రద్ధగా వినండి. దేవుడు మోషే ద్వారా ఇశ్రాయేలీయులకు చెప్పిన మాటల సారాంశం ఇది: నీ సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు పెట్టుకోవద్దు. నీ ఇంట్లో రెండు రకాల కొలపాత్రలు ఉంచుకోవద్దు. సరియైన రాయి, సరియైన పాత్ర ఒక్కటే నీ దగ్గర ఉండాలి. అలా చేస్తే నీ దేశములో దీర్ఘకాలం ఉంటావు. అన్యాయం చేసేవాడంటే దేవునికి అసహ్యం.

ప్రార్థన గురించి, బలుల గురించి, పండుగల గురించి ఆజ్ఞలిచ్చిన దేవుడే కొట్టులోని రాయి గురించి కూడా ఆజ్ఞ ఇచ్చాడు. మనమైతే ఆదివారం దేవునిది, మిగతా ఆరు రోజులు మనవి అనుకుంటాం. ఆయన సోమవారం ఉదయం మన సంచి విప్పి చూపించమంటున్నాడు.

సంచిలోని రాళ్లు

మోషే కాలములో నాణెములు లేవు. వెండిని తూచి ఇచ్చేవారు. అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా పొలము కొన్నప్పుడు నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడని ఆదికాండము 23వ అధ్యాయములో చదువుతాం. ఎన్నో వందల ఏండ్ల తరువాత యిర్మీయా ప్రవక్త కూడా అనాతోతులోని పొలానికి పదిహేడు తులముల వెండిని త్రాసులో తూచి ఇచ్చాడు. మన తెలుగు బైబిలులో తులము అని ఉన్నచోట మూలభాషలో షెకెలు అని ఉంది. యూదా దేశపు త్రవ్వకాలలో అలనాటి తూకపు రాళ్లు చాలా దొరికాయి. సున్నపురాతితో చేసిన చిన్న రాళ్లు. అడుగున చదునుగా, పైన గుండ్రంగా ఉంటాయి. వాటిని బట్టి ఒక షెకెలు సుమారు 11.3 గ్రాములని లెక్క కట్టారు. మన తులము 11.66 గ్రాములు. చూశారా, ఎంత దగ్గరగా ఉందో!

ఆ దినములలో వర్తకుడు త్రాసును, రాళ్లను సంచిలో వేసుకొని ఊరూరా తిరిగేవాడు. మోసగాడి సంచిలో చూడడానికి ఒకేలా ఉండే రెండు రాళ్లు ఉండేవి. రైతు దగ్గర ధాన్యం కొనేటప్పుడు బరువైన రాయి బయటకు వచ్చేది. పేదవానికి అమ్మేటప్పుడు తేలికైన రాయి బయటకు వచ్చేది. అడిగేవాడు లేడు. అడిగినా, "ఇదిగో రాయి, చూసుకో" అనేవాడు. మూలభాషలో ఈ వచనము "రాయియు రాయియు" అన్నట్టుగా ఉంటుంది. మనిషి ఒక్కడే, రాళ్లు మాత్రం రెండు.

ఆమోసు ప్రవక్త ఇలాంటివారిని గురించి ఒక మాట చెప్పాడు. ఎనిమిదవ అధ్యాయములో చూడండి. వారు విశ్రాంతి దినమును మానలేదు. ఆ రోజు కొట్టు మూసి ఆరాధనకు వెళ్లారు. కాని కూర్చున్నంతసేపు వారి ఆలోచన ఒక్కటే: ఈ దినము ఎప్పుడు అయిపోతుంది, ఎప్పుడు కొట్టు తెరుస్తాం, కొలత ఎలా తగ్గిద్దాం, రాయి బరువు ఎలా పెంచుదాం? శరీరము దేవుని మందిరములో ఉంది, మనస్సు త్రాసు దగ్గర ఉంది.

ప్రియులారా, ఈనాడు రాళ్లు పోయి ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. వాటిని ఏడాదికొకసారి తూనికలు కొలతల శాఖవారు పరీక్షించి ముద్ర వేయాలని చట్టం ఉంది. కాని అంకెలు చూపే కాటాకు కూడా రెండు రాళ్లు ఉండగలవు. మిర్చి, ప్రత్తి, ధాన్యం తెచ్చిన రైతును అడగండి. తేమ ఉందని, తాలు ఉందని, తరుగు పేరుతో బస్తాకు ఇన్ని కిలోలు కోస్తారు. నిజంగా తేమ ఉంటే అది న్యాయమే. లేనప్పుడు కూడా కోస్తే, అప్పు తెచ్చి పంట పండించినవాని నోటి దగ్గర కూడు తీసినట్టే. కాటా అబద్ధం చెప్పలేదు, కాటా ప్రక్కన కాగితం మీద పెన్ను అబద్ధం చెప్పింది.

నాకు కొట్టు లేదండీ, కాటా లేదండీ అంటారా? అయితే మీ సంచి వేరే విధంగా ఉంటుంది. బడిలో పాఠం సగం చెప్పి, మిగతా సగం సాయంత్రం ట్యూషనుకు దాచిపెట్టే ఉపాధ్యాయుని దగ్గర రెండు రాళ్లున్నాయి. జీతం రోజుకు ఎనిమిది గంటలకు తీసుకొని, పని నాలుగు గంటలు చేసే ఉద్యోగి దగ్గర రెండు రాళ్లున్నాయి. కారులో వచ్చినవానికి కుర్చీ వేసి, కాలినడకను వచ్చిన ముసలమ్మను "రేపు రా" అని పంపే గుమాస్తా దగ్గర రెండు రాళ్లున్నాయి. సంఘములోనే ఈ తప్పు జరుగుతుందని యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో గద్దించాడు. ఉంగరం పెట్టుకొని వచ్చినవానికి మంచి స్థలము, మాసిన బట్టలతో వచ్చినవానికి కాళ్ల దగ్గర చోటు.

ఇంట్లోని కొలపాత్రలు

ఇప్పుడు 14వ వచనము గమనించండి. మొదటి ఆజ్ఞ సంచి గురించి. రెండవది ఇంటి గురించి. బజారులో నీతిగా ఉండి ఇంట్లో రెండు కొలతలు పెట్టుకునేవారు ఎందరో ఉన్నారు. కుంచము, మానిక, సోల ఇప్పుడు అటక మీదికి ఎక్కాయి. కాని ఇంటి కొలతలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

మన పెద్దలు ఒక సామెత చెప్పేవారు. అత్త పగులగొడితే అడుగోటి కుండ, కోడలు పగులగొడితే కొత్త కుండ. రెండు కొలతలంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? కూతురు ఆలస్యంగా నిద్ర లేస్తే, "పాపం, అలసిపోయింది" అంటాం. కోడలు ఆలస్యంగా లేస్తే, "వాళ్ల అమ్మ ఏం నేర్పిందో" అంటాం. అల్లుడు మన అమ్మాయికి వంటలో సాయం చేస్తే బంగారంలాంటివాడు. మన కుమారుడు తన భార్యకు సాయం చేస్తే పెళ్లాం చేతిలో కీలుబొమ్మ. అమ్మా, ఈ మాట వింటుంటే మీకు నవ్వు వస్తుందేమో. ఆ కోడలికి రాదు.

కట్నం సంగతి చూడండి. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఇచ్చినా నేరమే, తీసుకున్నా నేరమే. అయినా మన క్రైస్తవ కుటుంబాలలో ఏం జరుగుతున్నది? ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు, "కట్నం పాపమండీ, విశ్వాసులు ఇలా అడగవచ్చా?" అని బాధపడతాం. అదే తండ్రి రెండేండ్ల తరువాత కుమారునికి సంబంధం చూసేటప్పుడు, "మేము ఏమీ అడగమండీ, మీ అమ్మాయికి మీరు ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటాడు. ఆ ఇష్టం తక్కువైతే సంబంధం కుదరదు. ఇచ్చేటప్పుడు తేలిక రాయి, పుచ్చుకునేటప్పుడు బరువు రాయి. ఆ పెండ్లిని మందిరములో చేసి, వాక్యము చదివి, పాట పాడి, ఫోటోలు తీసుకున్నంత మాత్రాన ఆ రాయి బరువు మారుతుందా?

ఇంకొక కొలత ఉంది. ఇంట్లో పనిచేసే అమ్మాయి జీతము. జ్వరం వచ్చి రెండు రోజులు రాకపోతే కోత. మనము మన ఉద్యోగాలలో మాత్రం జీతంతో కూడిన సెలవు అడుగుతాం. కూలివాని కూలి ఆ రోజు ప్రొద్దు గుంకకముందే ఇవ్వాలని ఇదే ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో దేవుడు చెప్పాడు. కారణము కూడా చెప్పాడు. అతడు పేదవాడు, దాని మీదే ఆశ పెట్టుకొని ఉన్నాడు. అతడు మొరపెడితే ఆ మొర దేవుడు వింటాడు. మనము కుటుంబ ప్రార్థనలో పాడుకునే పాట, మెట్ల మీద జీతం కోసం నిలబడిన ఆ అమ్మాయి నిట్టూర్పు, రెండూ ఒకే దేవుని చెవిలో పడుతున్నాయి.

ఈ ఆజ్ఞ ఎందుకు ఇచ్చాడు?

లేవీయకాండము 19వ అధ్యాయములో కూడా ఇదే ఆజ్ఞ ఉంది. అక్కడ దేవుడు, ఐగుప్తులో నుండి మిమ్మును బయటకు తెచ్చిన దేవుడను నేనే అని గుర్తు చేస్తాడు. త్రాసుకు, ఐగుప్తుకు సంబంధం ఏమిటి?

నిర్గమకాండము 5వ అధ్యాయము జ్ఞాపకం చేసుకోండి. ఇటుకలు చేయడానికి మునుపు గడ్డి ఇచ్చేవారు. ఫరో గడ్డి ఆపేశాడు. ఎవరి గడ్డి వారే ఏరుకోవాలన్నాడు. ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదన్నాడు. ఇచ్చేటప్పుడు ఒక కొలత, తీసుకునేటప్పుడు ఒక కొలత. ఆ దొంగ కొలత క్రింద వీపులు పగిలినవారు ఇశ్రాయేలీయులు. వారిని విడిపించిన దేవుడు, మీరు అనుభవించిన దానిని మరొకని మీద పెట్టకండి అంటున్నాడు. త్రాసును మోసంగా పట్టుకున్న ఇశ్రాయేలీయుడు తన ఇంట్లోనే ఫరోగా మారిపోతాడు.

విడిపించిన దేవుడు అరణ్యములో వారికి కొలత నేర్పాడు. మన్నా కురిసినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క ఓమెరు. ఎక్కువ కూర్చుకున్నవానికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవానికి తక్కువ కాలేదు. తరువాత యేసు ప్రభువు వచ్చి, కుంచాన్ని అదిమి, కుదిపి, రాశిగా పోసి ఇచ్చే కొలతను గురించి చెప్పాడు. మన ఊళ్లలో కూరగాయలు అమ్మే అమ్మ తూచిన తరువాత రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కరివేపాకు కొసరు వేస్తుంది. కొసరు వేసేటప్పుడు ఆమె ముఖము చూడండి. దేవుని ముఖము అలా ఉంటుంది. కృప అంటే కొసరుతో కూడిన కొలత. ఆ కృపను పొందినవాడు ఇతరులకు తక్కువ ఎలా తూస్తాడు?

"అలా చేస్తే బ్రతకలేమండీ"

ఇక్కడ నాకు ఒక ప్రశ్న వినబడుతున్నది. "అయ్యగారూ, మీరు మైకు ముందు కూర్చొని చెబుతారు. ప్రక్క కొట్టువాడు కిలోకు యాభై గ్రాములు కొట్టేసి ధర తగ్గించి అమ్ముతాడు. నేను సరిగ్గా తూస్తే నా ధర ఎక్కువగా కనబడుతుంది. పిల్లల ఫీజులు ఎలా కట్టాలి?"

ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయకూడదు. ఇది కడుపుకు సంబంధించిన ప్రశ్న.

పదిహేడవ శతాబ్దములో ఇంగ్లండు దేశములో క్వేకర్లు అనే విశ్వాసులు ఉండేవారు. అప్పట్లో అక్కడ బేరము లేకుండా వర్తకము లేదు. రెండు రూపాయల వస్తువుకు నాలుగు చెప్పడం, మూడుకు దిగడం మన సంతలలోవలె అక్కడా మామూలే. మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలని ప్రభువు కొండమీద చెప్పాడు గదా, తీసుకోదలచని ధర చెప్పడం అబద్ధమే గదా అని వారు తలంచి, ఒక వస్తువుకు ఒకే ధర అని నిర్ణయించుకున్నారు. మొదట ఏం జరిగింది? కొనేవారు వారి కొట్లకు రావడం తగ్గించేశారు. కొందరికి తిండి గడవడం కష్టమైంది. కొంతకాలానికి జనము గమనించారు. చిన్నపిల్లవాణ్ణి పంపినా పెద్దవాడు వెళ్లినంత సరిగ్గానే ఇక్కడ సరుకు దొరుకుతుంది. అప్పుడు వారి కొట్లకే జనము వచ్చారు. వారి నాయకుడైన జార్జి ఫాక్స్ తన దినచర్య గ్రంథములో ఈ సంగతి వ్రాశాడు.

అయితే నేను మీకు అబద్ధం చెప్పకూడదు. ప్రతిసారీ అలా జరగదు. నీతిగా తూచి కొట్టు మూసుకున్నవారు ఉన్నారు. లంచము తీసుకోనందుకు బదిలీ అయినవారు, దొంగ బిల్లు మీద సంతకం పెట్టనందుకు ఉద్యోగం పోగొట్టుకున్నవారు ఉన్నారు. నీతితో కూడిన కొంచెము, అన్యాయముతో వచ్చిన గొప్ప రాబడికంటె మేలని సామెతలు 16వ అధ్యాయము చెబుతుంది. అక్కడ దేవుడు దాన్ని కొంచెము అనే అన్నాడు, దాచిపెట్టలేదు. లాభం కోసం నీతిగా ఉండేవాడు నష్టం రాగానే రాయి మార్చేస్తాడు. దేవుడు చూస్తున్నాడని నీతిగా ఉండేవాడు నష్టములో కూడా నిలబడతాడు.

అందుకే సంఘమునకు కూడా ఒక మాట. మీ సంఘములో సరిగ్గా తూచే సహోదరుడు ఉంటే, రెండు రూపాయలు ఎక్కువైనా అతని దగ్గరే కొనండి. నీతి కోసం ఉద్యోగం పోయిన చెల్లెలు ఉంటే, "ప్రార్థన చేస్తాం" అని చెప్పి ఇంటికి వెళ్లిపోకండి. బియ్యం బస్తా పట్టుకొని వెళ్లి, అప్పుడు ప్రార్థన చేయండి.

మన ప్రాంతములోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1876 నుండి 1878 వరకు గొప్ప కరువు వచ్చింది. ఒంగోలులో పనిచేస్తున్న మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్లు త్రవ్వే కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. సువార్త చెప్పే ఉపదేశకులే అక్కడ పని చూసే మేస్త్రీలు. పని ఆగినప్పుడు వారే కూర్చొని వాక్యము చెప్పేవారు. ఆలోచించండి. పగలంతా మట్టి మోసినవాడు ఆ ఉపదేశకుని ప్రవర్తనను కళ్లారా చూసి, తరువాత అతని ప్రసంగము విన్నాడు. పనిలో మోసం ఉంటే ఆ ప్రసంగము ఎవరు నమ్ముతారు? ఎందరో బాప్తిస్మము అడిగినా, కరువు సాయం ఆశతో ఎవరూ రాకూడదని క్లౌ దొరగారు కరువు కాలములో ఇవ్వలేదు. సంఖ్య పెంచుకోవడానికి తేలిక రాయి వాడలేదు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమునే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఇప్పుడు ఏం చేయాలి?

ఇంతవరకు విన్న తరువాత మీ సంచిలోని రాయి ఒకటి మీకే గుర్తుకు వచ్చి ఉండవచ్చు. అది ఏమిటో నాకు తెలియదు, మీకు తెలుసు. బెల్షస్సరు రాజు విందు చేస్తుండగా గోడ మీద వ్రాత కనబడింది. త్రాసులో తూచబడి తక్కువగా తేలావని దాని భావము. ప్రియులారా, ఆ త్రాసు ముందు మనలో ఎవరు నిలువగలరు? దశమభాగము ఇచ్చి ఆ లోటు పూడ్చుకుందామంటారా? పుదీనాలోను జీలకర్రలోను పదియవ వంతు లెక్కగా ఇచ్చి, న్యాయమును విడిచిపెట్టినవారిని ప్రభువు ఎలా గద్దించాడో మత్తయి 23వ అధ్యాయములో చూడండి. మోసపు సొమ్ములో దేవునికి వాటా పెడితే ఆయన భాగస్వామి అయిపోడు.

జక్కయ్యను చూడండి. యెరికోలో సుంకరుల పెద్ద. అతని సంచినిండా దొంగ రాళ్లే. ప్రభువు చెట్టు క్రింద నిలబడి అతణ్ణి పేరు పెట్టి పిలిచాడు. ముందు లెక్కలు సరిచేసుకొని రా, అప్పుడు మీ ఇంటికి వస్తాను అనలేదు. ముందు ఇంటికి వచ్చాడు. ఆ ప్రేమ ఇంట్లో అడుగు పెట్టగానే జక్కయ్య లేచి నిలబడ్డాడు. ఆస్తిలో సగము బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ధర్మశాస్త్రము ప్రకారము, తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నదానికి అయిదవ వంతు కలిపి ఇస్తే చాలు. జక్కయ్య కొసరు వేశాడు. క్షమాపణ పొందినవాని చేయి అలా ఉంటుంది.

కాబట్టి మూడు పనులు చేయండి. మొదటిది, ఈ రాత్రి ఒంటరిగా ప్రభువు ముందు కూర్చొని ఆ రాయికి పేరు పెట్టండి. "ప్రభువా, నా పాపములు క్షమించు" అని మొత్తంగా అనకండి. "ప్రభువా, ఫలానావారి కూలి నేను ఆపాను" అనండి. రెండవది, తిరిగి ఇవ్వగలిగింది తిరిగి ఇవ్వండి. ఆ మనిషి చనిపోయినా, దొరకకపోయినా ఏం చేయాలి? వారి బంధువులకు, వారు కూడా లేకపోతే దేవునికి చెల్లించాలని సంఖ్యాకాండము 5వ అధ్యాయములో మార్గము ఉంది. ఒకేసారి ఇవ్వలేకపోతే వెళ్లి ఆ మాట చెప్పి, కొంచెం కొంచెంగా ఇవ్వండి. మూడవది, ఇంట్లోవారితో మాట్లాడండి. భార్యాభర్తలు కలిసి కూర్చొని, కోడలికి, పనిమనిషికి, తల్లిదండ్రులకు, పిల్లలకు మన కొలత ఒక్కటేనా అని అడుగుకోండి. పిల్లలు వింటే విననివ్వండి. మనము ఇచ్చే ఆస్తికంటె ఆ మాట వారికి ఎక్కువ కాలం మిగులుతుంది.

ప్రార్థన చేద్దాం.

పరిశుద్ధుడవైన మా తండ్రీ, నీ త్రాసు న్యాయమైనది. మేము తక్కువగా తేలిన చోట నీ కుమారుడు మా పక్షమున నిలిచి మా ఋణము తీర్చినందుకు వందనములు. ఈ మాటలు వింటున్న వ్యాపారిని, ఉద్యోగిని, గృహిణిని, కూలివానిని జ్ఞాపకము చేసుకో. నీతిగా ఉండి నష్టపోతున్న నీ బిడ్డలకు ఆహారమిచ్చి ధైర్యపరచు. మా సంచిలో ఒక్క రాయి, మా ఇంట్లో ఒక్క కొలత ఉండేలా మమ్మును మార్చు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రియ శ్రోతలారా, రేపు ఉదయం మీరు కాటా ముందు నిలబడినా, రిజిస్టరులో సంతకం పెట్టినా, పనిమనిషి చేతిలో జీతం పెట్టినా, అది కూడా ఆరాధనే అని గుర్తుంచుకోండి. ప్రభువు మీకు తోడైయుండును గాక.